అడ్డుకోత

మా ఇంట్లో ఏ వస్తువునీ ఉన్నదున్నట్టు చూసే అలవాటు లేదు. కూరగాయల బజారుకి వెళ్తే మా ఆయన మునక్కాడని చివర్నుంచి చూస్తారు. నేనూ చూస్తాను. కాకినాడలో ఇంటర్మీడియట్ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతాను నేను. కాడని బ్లేడుతో పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూపించడం నా వృత్తి. దాన్ని మేం అడ్డుకోత అంటాం. మా ఆయన ఫణీంద్ర అదే ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలో దూలాల బలం గురించి చెబుతారు. ఆయన దాన్నే క్రాస్ సెక్షన్ అంటారు.

పెళ్లిచూపుల్లో ఆయన నన్ను పాట వచ్చా, వంట వచ్చా అని అడగలేదు. పొద్దుతిరుగుడు కాడలో గట్టి కణాలు మధ్యలో ఉంటాయా, అంచున ఉంటాయా అని అడిగారు. అంచున అన్నాను. ఎందుకన్నారు. గాలికి వంగేటప్పుడు లాగుడంతా అంచు మీదే పడుతుంది, నడిమధ్యన ఏమీ పడదు, పని లేని చోట సరుకు పెట్టడం దేనికి అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పక్కనున్న మా నాన్నగారు ఏదో తేడా మనిషిలా ఉన్నాడనుకుని కంగారుపడ్డారు. నేను మాత్రం అప్పుడే ఒప్పేసుకున్నాను.

అలాంటి ఇద్దరికి పుట్టిన పిల్లకి ఎముకలు గాజులా ఉన్నాయి.

పేరు అలివేలు. మా అత్తగారి అత్తగారి పేరు. నెలల పిల్లగా ఉన్నప్పుడు గౌను తొడుగుతుంటే చెయ్యి విరిగింది. అది పుట్టుకతో వచ్చిన జబ్బనీ, మందు లేదనీ, జాగ్రత్త ఒక్కటే దారనీ డాక్టర్లు చెప్పారు. ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. గదుల నిండా బొంతలు పరిచాం. గోడల మూలలకి స్పాంజి కట్టాం. పిల్లని రెక్క పట్టుకుని ఎవరూ లేపకూడదు. దిండు మీద పడుకోబెట్టి, ఆ దిండుని రెండు చేతుల మీద ఎత్తుకోవాలి.

ఆ పని ఆయన చేసినంత బాగా ఎవరమూ చెయ్యలేకపోయాం. కాలేజీ నుంచి రాగానే చేతులు కడుక్కుని దిండు ఎత్తుకునేవారు. వరండాలో పచార్లు చేస్తూ తను చూసిన వంతెనల కబుర్లన్నీ చెప్పేవారు. నా చేతుల్లో ఉన్నప్పుడు పిల్ల ఒళ్లు బిగబట్టుకునేది, ఆయన చేతుల్లోకి వెళ్లగానే వదులయ్యేది. నిద్ర వస్తే ఆయన ఛాతీ మీదే పడుకునేది. "కన్నది నువ్వు, పెంచుతున్నది వాడు," అని మా అత్తగారు సత్యవతమ్మ నన్ను ఏడిపించేవారు. నాకు కొంచెం ఉడుకుమోత్తనంగా కూడా ఉండేది.

మా అత్తగారిది ఒక పద్ధతి. ఎండాకాలంలో ఆవకాయ కలిపిన రోజు జాడీకి ఎత్తగా బేసిన్లో అంటుకుని మిగిలిన పిండిలో వేడివేడి అన్నం వేసి, నెయ్యి వేసి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్లకి తలా ఒక ముద్ద చేతిలో పెడతారు. ఆ రోజు మా ఇంట్లో బల్ల మీద తినడం లేదు. ఇంజినీరైనా, లెక్చరరైనా, పాలు పోసే ఆవిడైనా బేసిన్ చుట్టూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవలసిందే. అలివేలుకి మాత్రం మంచం మీదికి పంపేవారు.

"నాకూ కింద కూచుని తినాలనుంది నానమ్మా," అని ఒక ఏడు అడిగింది.

"కూచుందువుగాని బంగారుతల్లీ. కాస్త ఎముక గట్టిపడనీ," అన్నారావిడ. అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కారం ఘాటు మీదికి నెట్టేశారు.

* * *

అలివేలుకి ఆరేళ్లు నిండాక విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడొక పరిశోధనశాలలో డాక్టర్ షమీమ్ అనే ఆవిడ ఎముకల మీద కొత్త ప్రయోగం చేస్తోందనీ, పిల్లల మీద చెయ్యడానికి అనుమతి కూడా వచ్చిందనీ తెలిసింది. ఆవిడది నా వయసే. తెచ్చిపెట్టుకున్న గాంభీర్యం లేని మనిషి. మాకు కాఫీలు తెప్పించి, అలివేలు పడుకున్న దిండు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాప ఎముకల్లో సరుకు తక్కువ మేడం. ఉన్న సరుకులో నాణ్యం కూడా తక్కువే. ఆ రెండూ నేను మార్చలేను. ఉన్నదాన్ని సర్దగలను," అంది.

"సర్దడమంటే?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పేలోపు మా ఆయన బల్ల మీద నుంచి ఒక తెల్లకాగితం తీసుకున్నారు. రెండు కప్పుల మీద వంతెనలా పరిచి, పైన తన కళ్లజోడు పెట్టారు. కాగితం కూలిపోయింది. దాన్నే రేకుల షెడ్డు మీది రేకులా మడతలు మడతలుగా చేసి మళ్లీ పరిచారు. కళ్లజోడు నిలబడింది. తరువాత ఆ మడతలు చదును చేసి గొట్టంలా చుట్టి నిలువుగా పెట్టి, దాని మీద కాఫీ కప్పు పెట్టారు. అదీ నిలబడింది.

"కాగితం అదే, బరువూ అంతే. మారింది ఆకారం ఒక్కటే," అన్నారు కూతురితో.

అలివేలు చాలాసేపు ఆ కప్పు వంక చూసింది. "నన్ను కూడా చుడతారా?" అంది.

డాక్టర్ షమీమ్ నవ్వింది. "చుట్టేది నేను కాదురా. మేస్త్రీలు చుడతారు."

ఆవిడ తయారు చేసిన కణాలకి ఆ పేరు ఆవిడే పెట్టుకుంది. పిల్ల మూలగలోంచి తీసి, గాజుపాత్రలో పెంచి, వాటికి ఒక కొత్త గుణం నేర్పి, తిరిగి ఎముకలోకి ఎక్కిస్తారు. ఎముక మీద బరువు ఎక్కడ పడుతోందో వాటికి తెలుస్తుంది. పని లేని చోట నుంచి రవ్వరవ్వగా సరుకు పీకి, పని పడిన చోటికి మోసుకెళ్లి అంటిస్తాయి.

"మామూలు ఎముక కూడా చేస్తుందీ పని, కానీ నెమ్మదిగా, కొంచెంగా. ఇవి తొందరగా, చాలా చేస్తాయి. ఒకటే గుర్తుపెట్టుకోండి సార్. వీటికి ప్లాను ఉండదు. బరువు ఎటు పడితే అటు కడతాయి. పడని చోట పీకేస్తాయి. రెండేళ్ల తరువాత వాటంతట అవే చచ్చిపోతాయి. ఆపైన ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే ఉండిపోతుంది."

మా ఆయన అప్పటికే వేరే లోకంలో ఉన్నారు. "మేం పేజీలకి పేజీలు లెక్కలు కట్టి చేసేది ఇవి ఊరికే చేసేస్తాయన్నమాట," అన్నారు మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు.

* * *

ఎక్కించి వచ్చాక బరువు వెయ్యడమే మా పని. హాలు నుంచి దొడ్డిగుమ్మం దాకా తిన్నని దారి చేశాం. దానికి రెండు పక్కలా ఆయన ఇనప గొట్టాలతో పట్టుకునే కమ్మీలు బిగించారు. పిల్ల వాటిని పట్టుకుని నిలబడేది. ఆయన ఎదురుగా వంగి, చేతులు చాచి, వెనక్కి నడిచేవారు.

"బరువు వెయ్యమ్మా. కాలి మీద వెయ్యి. నేనున్నాను."

మొదట నిలబడింది. తరువాత అడుగు వేసింది. వర్షాకాలం వెళ్లేసరికి కమ్మీలు వదిలేసి హాలు నుంచి దొడ్డిగుమ్మం దాకా నడిచింది. మా అత్తగారు దిష్టి తీసి తీసి ఇంట్లో ఎండుమిరపకాయలన్నీ అవగొట్టారు. దారి తప్పి పక్కకి మాత్రం పోనిచ్చేవాళ్లం కాదు. పరుగు వద్దు, గెంతొద్దు, కింద కూచోవద్దు, గబుక్కున తిరగొద్దు. దార్లో నడిచి, కుర్చీలో కూర్చుని, మళ్లీ దార్లో నడిచేది.

స్కాన్ బొమ్మలు వచ్చినప్పుడు ఆయన్ని పట్టలేకపోయాం. మోకాలికీ మడమకీ మధ్య ఉండే పెద్ద ఎముకని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ అది. ముందువైపు లావుగా, వెనకవైపు లావుగా ఉంది. రెండింటి మధ్యా సన్నని నడుం.

"వేణీ, ఇది చూశావా? రైలు పట్టాని చివర్నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. ఉన్న కాస్త సరుకుతో అత్యధిక బలం. ఇరవయ్యేళ్లుగా నేను బోర్డు మీద గీస్తున్న బొమ్మ నా కూతురి కాల్లో ఉంది."

కాలేజీలో కాజాలు పంచారు. డాక్టర్ షమీమ్ యంత్రం మీద పరీక్ష చేసి, నడిచే దిశలో ఎముక బలం మూడింతలయిందని చెప్పింది. తన ప్రయోగంలో ఉన్న పిల్లలందరిలోకీ అలివేలే ముందుందట. నేనూ ఆ బొమ్మని చూశాను. అందంగానే ఉంది. నేను కోసిన ఏ కాడలోనూ అలాంటి ఆకారం చూడలేదే అని మాత్రం ఒకసారి అనిపించింది. ఆ సంతోషంలో ఆ మాట పైకి అనలేదు.

* * *

ఎండాకాలం వచ్చింది. ఆవకాయ కలిపారు. బేసిన్లో అన్నం పడింది, నెయ్యి వాసన ఇల్లంతా కమ్మింది. మేం చుట్టూ చేరాం. అలివేలు తన దారి వెంట నడుచుకుంటూ వచ్చి బేసిన్ దగ్గర ఆగింది. మా ఆయన దాని కుర్చీ తేవడానికి లోపలికి వెళ్లారు.

"నేనిప్పుడు గట్టిగానే ఉన్నాను కదా," అంది మా అత్తగారితో.

ఎవరి సాయమూ లేకుండా గోడ పట్టుకుని కిందికి దిగింది. మేం చేసినట్టే ఒక కాలు మడిచి, దాని మీద రెండో కాలు మడిచి, బాసింపట్టు వేసింది. మా అత్తగారు ముద్ద చేసి చెయ్యి చాచారు. అలివేలు ముందుకి వంగి అరచెయ్యి పట్టింది.

ఎండుపుల్ల విరిచినట్టు శబ్దం వచ్చింది. పిల్ల ముందు ఏడవలేదు. అరచేతిలో ముద్ద పట్టుకుని, నా వంక వింతగా చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

* * *

కట్టుతో విశాఖపట్నం తీసుకెళ్లాం. డాక్టర్ షమీమ్ కొత్త బొమ్మనీ, పాత బొమ్మనీ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

మా ఆయన తన సంచిలోంచి అలివేలు స్కూలు సామాన్లలోని స్టీలు స్కేలు తీశారు. దాన్ని పిల్ల చేతికిచ్చారు. "నిలువుగా పట్టుకుని వంచు," అన్నారు. వంగలేదు. "ఇప్పుడు పడుకోబెట్టి వంచు," అన్నారు. ఒక్క వేలితో వంగింది.

అలివేలు స్కేలుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను స్కేలునయ్యానా నాన్నా?"

ఆయన స్కేలు తీసుకుని సంచిలో పెట్టేశారు. మేస్త్రీలు మోసం చెయ్యలేదు. నడిచేటప్పుడు బరువు ముందుకీ వెనక్కీ పడుతుంది కాబట్టి అక్కడ కట్టాయి. పక్కల నుంచి ఏ పనీ పడలేదు కాబట్టి అక్కడి సరుకు పీకేశాయి. కాలు మడిచి కూర్చున్నప్పుడు ఎముక పక్కకి వంగింది, మెలిపడింది. ఆ దిశలో అది మేస్త్రీలని ఎక్కించకముందు కంటే కూడా బలహీనంగా ఉంది.

"మా పరీక్షల్లో నడక ఉంది, మెట్లు ఉన్నాయి, కుర్చీలోంచి లేవడం ఉంది. నేల మీద కూచోవడం లేదు మేడం," అంది డాక్టర్ షమీమ్. "రోజుకి అయిదుసార్లు నేల మీద మోకాళ్లు వంచి నమాజు చేస్తాను నేను. నాకు తట్టలేదు."

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నేల మీద కూర్చుని ముద్ద తినే ఇంట్లో మాకూ తట్టలేదు.

ముందున్నవి రెండు దారులని చెప్పింది. మొదటిది, విరిగింది అతుక్కున్నాక ఇదివరకటిలాగే తిన్నగా నడిపించడం. ఇంకో ఏడాదికి మేస్త్రీలు చచ్చిపోతాయి. ఎముక పట్టా ఆకారంలో బిగిసిపోతుంది. జీవితమంతా కాళ్లకి పట్టీలు కట్టుకుని, గీసిన గీత మీద నడవాలి. ఎవరైనా పక్కనుంచి తోసినా, కాలు మడతపడినా విరుగుతుంది. రెండో దారి ఆవిడకే సరిగ్గా తెలియదు.

అప్పుడు నేను నోరు విప్పాను. గాజు గదిలో పెంచిన మొక్కలకి గాలి తగలదు. ఏపుగా పెరుగుతాయి గానీ బయట పెడితే పడిపోతాయి. అందుకని రోజూ వాటిని చేత్తో నిమురుతాం, అటూ ఇటూ వంచుతాం. కాడ గుండ్రంగా, దిట్టంగా తయారవుతుంది. మా ప్రాక్టికల్సులో పిల్లల చేత నేను ఏటా చేయించే పనే అది.

"దీనికి గాలి కావాలి," అన్నాను. "అన్నివైపుల నుంచీ."

ఇద్దరూ నా వంక చూశారు. మా ఆయనే ముందు తేరుకున్నారు. "పక్కకి కొంచెం వంచాలి. మెలితిప్పాలి. విరగనంత. రోజు రోజుకీ కొంచెం పెంచుతూ. గుండ్రటి గొట్టం అవుతుంది. ఎటు నుంచి వచ్చినా తట్టుకుంటుంది."

"యంత్రం వల్ల కాదు సార్," అంది డాక్టర్ షమీమ్. "యంత్రానికి ఎంత బరువో చెప్పాలి. ఆ ఎంత అన్నది రోజూ మారిపోతుంది. చేత్తో పట్టుకుంటే కండ బిగుసుకోవడం తెలుస్తుంది. చెయ్యే కావాలి. కట్టు విప్పిన వెంటనే మొదలుపెట్టాలి, పూర్తిగా అతుక్కునేదాకా ఆగితే టైము చాలదు. నొప్పి ఉంటుంది. మత్తిస్తే కండ బిగుసుకోదు, మీకు తెలియదు. చేస్తున్నంతసేపూ పాప మెలకువగా ఉండాలి."

డాక్టర్ షమీమ్ మా ఇద్దరి చేతుల వంకా చూసింది.

"గాలి ఎవరు మరి?" అంది.

* * *

ముందు నేనే కూర్చున్నాను. ఆలోచన నాది కాబట్టి చెయ్యి కూడా నాదే కావాలనుకున్నాను. కట్టు విప్పిన కాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, డాక్టర్ నేర్పినట్టు పక్కకి వంచబోయాను. "అమ్మా" అంది, అంతే. నా చేతులు వాటంతట అవే వదిలేశాయి. మర్నాడూ అంతే. మూడో రోజు నేను గది గుమ్మం కూడా దాటలేకపోయాను.

మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా స్థానంలో కూర్చున్నారు.

పొద్దున్న కాలేజీకి వెళ్లేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. ఒక చెయ్యి మోకాలి కింద, ఇంకో చెయ్యి మడమ దగ్గర. కుడివైపుకి వంచి ఆపేవారు. ఎడమవైపుకి వంచి ఆపేవారు. తడిబట్ట పిండినట్టు, కానీ చాలా మెల్లగా, అటొకసారి ఇటొకసారి తిప్పేవారు. రెండో కాలికీ, చేతులకీ అంతే. "ఎదురు నెట్టమ్మా. బరువు వెయ్యి. ఇంకొంచెం. అయిపోయింది, అయిపోయింది," అంటూనే ఉండేవారు. పిల్ల అరుపు వీధిలోకి వినిపించేది. ఎదురింటివాళ్లు ఏమైందని వచ్చి అడిగేవారు. నేను వంటింట్లో కుళాయి తిప్పి వదిలేసి, ఆ చప్పుడు వింటూ నిలబడేదాన్ని.

"కన్నతండ్రివేనంట్రా నువ్వు?" అని ఒకరోజు మా అత్తగారు అడిగేశారు. "ఊళ్లో డాక్టర్లు లేరా? నీ చేతుల్తో నువ్వే దాన్నలా..."

ఆయన తుండుతో చేతులు తుడుచుకుని కాలేజీకి వెళ్లిపోయారు.

నెల తిరిగేసరికి పిల్ల ఆయన స్కూటరు చప్పుడు గుర్తుపట్టడం మొదలుపెట్టింది. గేటు దగ్గర ఆ చప్పుడు వినబడగానే నానమ్మ కొంగు వెనక్కి వెళ్లేది. ఆయన ఛాతీ మీద పడుకోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు. గమనించేసరికి నానమ్మ మంచం మీద పడుకుంటోంది. వంతెన కబుర్లు చెబుతానని ఆయన పిలిస్తే గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కణ్ణించే చెప్పు," అనేది. ఆయన అక్కణ్ణించే చెప్పేవారు.

వర్షాలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం గదిలో అరుపు సగంలో ఆగిపోయింది. పరుగెత్తాను. ఆయన పిల్ల కాలిని వదలకుండా, కదలకుండా పట్టుకుని ఉన్నారు.

"బీట పడింది వేణీ," అన్నారు. "దానికంటే ముందు నా చేతికి తెలిసింది."

సన్నని పగులు. డాక్టర్ షమీమ్ బొమ్మ చూసి, భయపడక్కర్లేదనీ, పగులు దగ్గరికి మేస్త్రీలు ఇంకా ఎక్కువగా చేరతాయనీ చెప్పింది. నేను వినదలచుకోలేదు. చాలు, మానేద్దామన్నాను. నా కూతురు గీత మీదే నడుస్తుంది, నడవనీ, కుర్చీలోనే తింటుంది, తిననీ అన్నాను. అది ఆయన్ని చూసి భయపడటం నేను చూడలేకపోతున్నానని కూడా అన్నాను.

ఆయన తల వంచుకుని తన చేతుల వంక చూసుకున్నారు. "మనం ఉన్నన్నాళ్లూ గీత గీస్తాం. తరువాత దానికెవరు గీస్తారు?" అన్నారు. ఆపైన గొంతు తగ్గించి, "అది నన్ను చూసి భయపడటం నేనూ చూస్తున్నాను," అన్నారు.

పక్కగదిలోంచి అలివేలు వింటూనే ఉంది. "నాన్న చెయ్యి వద్దు. అమ్మ చేస్తే చేయించుకుంటాను," అంది.

నేను మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ చెయ్యలేకపోయాను. ఈ విషయంలో నన్ను నేను సమర్థించుకోవడానికి ఏ మాటా లేదు. పగులు కుదుటపడ్డాక మళ్లీ ఆయనే కూర్చున్నారు.

* * *

రెండో ఏడు చివర్లో ఆఖరి స్కాను తీశారు. బొమ్మ చూడగానే నాకు బొప్పాయి ఆకు కాడ గుర్తొచ్చింది. మధ్యలో ఖాళీ, చుట్టూ ఒకే మందాన గుండ్రటి గోడ. డాక్టర్ షమీమ్ ముందు నుంచి, పక్క నుంచి, మెలితిప్పి పరీక్ష చేసింది. నడిచే దిశలో మునుపటి మూడింతలు రాలేదు, కాస్త తగ్గింది. అన్ని దిశల్లోనూ ఒకే బలం వచ్చింది. మేస్త్రీలు వాటి పని ముగించి చచ్చిపోయాయి.

మా ఆయన ఈసారి కాజాలు పంచలేదు. బొమ్మని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశారు. "గుండ్రంగా ఉంది," అన్నారు, అంతే.

కొన్నాళ్లకి ఆ పద్ధతి చాలా ఊళ్లకి వెళ్లింది. దానికి గాలి అనే పేరే ఉండిపోయింది. తల్లిదండ్రులకి ఇచ్చే సూచనలని డాక్టర్ షమీమ్ ముందుగా మాకు పంపించింది. అందులో ఒక నియమం ఉంది. గాలి ఇచ్చే పని ఇంట్లోవాళ్లెవరూ చెయ్యకూడదు. శిక్షణ పొందిన బయటి మనిషి చేతే చేయించాలి. ఆ సమయంలో తల్లిగానీ తండ్రిగానీ బిడ్డ తల దగ్గర కూర్చుని పట్టుకోవాలి, కాలి దగ్గర కూర్చోకూడదు.

ఆయన అది రెండుసార్లు చదివారు. "మంచి నియమం," అని కాగితం నాకిచ్చి, మొక్కలకి నీళ్లు పొయ్యడానికి వెళ్లారు. ఆ రోజు మొక్కలకి నీళ్లు ఎక్కువయ్యాయి.

* * *

అలివేలు సైకిలు తొక్కింది. తొక్కుడుబిళ్ల ఆడింది. పడింది, మోకాలు గీరుకుపోయింది, ఎముకకేమీ కాలేదు. మేం భయంతో పరుగెత్తితే విసుక్కుంది. గదుల్లో బొంతలు తీసేశాం. ఆ ఏడు ఆవకాయ నాడు బేసిన్ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు ముద్దలు తింది. మా అత్తగారు మూడో ముద్ద పెట్టబోయి, కన్నీళ్లకి కళ్లు కనబడక నా చేతిలో పెట్టారు.

ఆయన మీద పిల్లకి కోపం లేదు. లెక్కలు అడుగుతుంది, హాస్యమాడుతుంది, తనకి కావలసినవన్నీ తెప్పించుకుంటుంది. పదో క్లాసుకి వచ్చాక తన కాలి కథ అంతా తనే స్నేహితురాళ్లకి చెబుతుంది, మా నాన్న చేశాడని గర్వంగానే చెబుతుంది. కానీ ఆయన అనుకోకుండా భుజం మీద చెయ్యి వేస్తే కాలు దగ్గరికి లాక్కుంటుంది. అది తన ఇష్టంతో చేసేది కాదు. తరువాత తనే నొచ్చుకుంటుంది. అందుకని ఆయన చెయ్యి వెయ్యడం మానేశారు. పెన్ను ఇవ్వాలన్నా బల్ల మీద పెట్టి జరుగుతారు. ఫొటోల్లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. ఇంట్లో ఎవరమూ దాని గురించి మాట్లాడుకోం.

ఈ ఏడు ఆవకాయ నేను కలిపాను. మా అత్తగారు కుర్చీలో కూర్చుని ఉప్పు చాలదనీ, నూనె పొయ్యమనీ అధికారం చేశారు. ఆయనకి మోకాళ్లు అరిగిపోయి నేల మీద కూర్చోవడం మానేసి చాలా రోజులైంది. ఎందుకో ఈసారి వచ్చి, గోడకి ఆనుకుని మెల్లగా కిందికి దిగి, నాకెదురుగా కూర్చున్నారు. పక్కన అలివేలు. ముద్దలు పెట్టాను. కారానికి ఆయనకి ముక్కు కారింది, పిల్ల నవ్వింది. మా అత్తగారు నా ఆవకాయకి పదికి ఆరు మార్కులు వేశారు.

అందరూ లేచారు. ఆయన లేవలేకపోయారు. ఒక చెయ్యి నేల మీద ఆనించి ప్రయత్నించారు, మళ్లీ కూలబడ్డారు. నా చేతులు మోచేతుల దాకా కారం, నూనె. కడుక్కుని వస్తానుండమన్నాను.

అలివేలు అప్పటికే చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆయన పక్కన నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి చాచింది.

"పట్టుకో నాన్నా."

ఆయన ఆ చెయ్యి వంక చూశారు. తరువాత దాని కాలి వంక చూశారు. అది పక్కకి తిరిగి నిలబడింది. ఆయన బరువు పడితే ఎముక మీద పక్కనుంచే పడుతుంది.

"వద్దమ్మా. గోడ పట్టుకుని లేస్తాను," అన్నారు.

"బరువు వెయ్యి నాన్నా."

ఆయన చెయ్యి ఎత్తి, దాని వేళ్లు మాత్రం పట్టుకున్నారు. లేవబోయింది మాత్రం రెండో చేత్తో గోడ పట్టుకునే.

"ఊరికే పట్టుకోవడం కాదు. గోడ వదిలెయ్యి. మొత్తం వెయ్యి," అంది. "నేనున్నాను."

ఆయన గోడ వదిలేశారు. పెద్ద శరీరం ఆయనది. ఆ బరువంతా ఒక్కసారిగా దాని చేతి మీద పడింది, చేతి నుంచి నడుం మీద, నడుం నుంచి కాలి మీద. మా అత్తగారు కుర్చీలో ముందుకి వంగారు. అలివేలు కాలు కదల్లేదు.

ఆయన లేచి నిలబడ్డారు. నిలబడ్డాక ఆ చెయ్యి వదల్లేదు. అదీ వదిలించుకోలేదు. ఇద్దరూ అలా ఎంతసేపు ఉన్నారో నేను చూడలేదు. బేసిన్ తీసుకుని దొడ్లోకి వెళ్లిపోయాను, అక్కడ కుళాయి తిప్పి, కడిగిన బేసిన్నే మళ్లీ కడుగుతూ ఉండిపోయాను.